లీగా, కప్పా? ఫుట్‌బాల్ క్లబ్బులు ఆటగాళ్లను మార్చి మార్చి ఎందుకు ఆడిస్తాయి: తరచుగా అడిగే ప్రశ్నలు

శనివారం రాత్రి ప్రీమియర్ లీగ్ చూసిన ఊపులో బుధవారం అర్ధరాత్రి దాటాక కప్పు మ్యాచ్ పెట్టుకుంటే తెలిసిన మొహం ఒక్కటీ కనబడదు. ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండులో పొద్దున పూట ఆడే పిల్లలు, వాళ్లను బండి మీద దింపడానికి వచ్చే నాన్నలు, బాలాజీ కాలనీ రూముల్లో ఉండి చదువుకునే స్టూడెంట్లు మమ్మల్ని అడిగే వాటిలో సగం ప్రశ్నలు దీని గురించే. వాళ్లు అడిగిన మాటల్లోనే ప్రశ్నలు పెట్టాం. ఇక్కడ ఎక్కువమంది చూసేది ఇంగ్లండు ఆట కాబట్టి ఉదాహరణలు కూడా ఎక్కువగా అక్కడివే.

అన్నా, లీగ్ వేరు, కప్పు వేరు అంటారు. తేడా ఏంది?

లీగ్‌లో ప్రతి టీమూ మిగతా ప్రతి టీముతో రెండుసార్లు ఆడుతుంది, ఒకసారి సొంతూళ్లో, ఒకసారి వాళ్ల ఊళ్లో. ప్రీమియర్ లీగ్‌లో 20 క్లబ్బులు, ఒక్కోదానికి 38 మ్యాచ్‌లు. ఆగస్టులో మొదలై మే దాకా సాగుతుంది. ఒక వారం ఓడినా వచ్చే వారం సర్దుకోవచ్చు. కప్పులో ఆ వెసులుబాటు లేదు, ఓడితే ఇంటికే. ఎఫ్ఏ కప్పు 1871-72 నుంచి నడుస్తోంది. దానితోపాటు లీగ్ కప్పు ఒకటుంది. పెద్ద క్లబ్బులకైతే వీటి మీద యూరప్ పోటీలు అదనం, వాటిలో పెద్దది ఛాంపియన్స్ లీగ్.

లెక్క వేసి చూడండి. ఛాంపియన్స్ లీగ్‌లో ఉన్న ఇంగ్లిష్ క్లబ్బు అన్నింట్లోనూ ఫైనల్ దాకా వెళ్లిందనుకుందాం. లీగ్ 38, ఎఫ్ఏ కప్పు 6, లీగ్ కప్పు 6, ఛాంపియన్స్ లీగ్ తక్కువలో తక్కువ 15. మొత్తం 65. మధ్యలో ఆటగాళ్లు తమ దేశాల తరఫున ఆడే మ్యాచ్‌లు ఇందులో కలపలేదు.

అన్ని మ్యాచ్‌లు నిజంగా ఎవరైనా ఆడారా?

2021-22లో లివర్‌పూల్ ఆడింది. ఆ సీజన్‌లో ఒక క్లబ్బు ఆడగలిగినన్నీ, అంటే 63 ఆడింది (అప్పట్లో ఛాంపియన్స్ లీగ్‌లో రెండు మ్యాచ్‌లు తక్కువ). రెండు దేశవాళీ కప్పులూ గెలిచింది. లీగ్‌లో 92 పాయింట్లు తెచ్చుకుని కూడా ఒక్క పాయింటు తేడాతో మాంచెస్టర్ సిటీ వెనక నిలిచింది. ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో రియల్ మాడ్రిడ్ చేతిలో ఓడింది. ఒకే సీజన్‌లో లీగ్, ఎఫ్ఏ కప్పు, ఛాంపియన్స్ లీగ్ మూడూ కొట్టిన ఇంగ్లిష్ క్లబ్బులు రెండే: 1999లో మాంచెస్టర్ యునైటెడ్, 2023లో మాంచెస్టర్ సిటీ. ఈ రెండూ కూడా లోతైన బెంచ్ ఉన్న టీములే.

కోట్ల జీతం తీసుకునేవాడు వారానికి రెండు మ్యాచ్‌లు ఆడలేడా సార్?

ఇది నాన్నల ప్రశ్న. మా దగ్గర దీనికున్నంత గిరాకీ ఇంకో ప్రశ్నకు లేదు.

ఆడగలడు. ఎంత బాగా ఆడతాడు, ఎన్ని వారాలు ఆడతాడు అన్నదే అసలు ప్రశ్న. ఒక మ్యాచ్‌లో మిడ్‌ఫీల్డర్ 10 నుంచి 12 కిలోమీటర్లు తిరుగుతాడు. అలసట వచ్చేది ఆ దూరం వల్ల కన్నా మధ్యలో పడే పరుగుల వల్ల ఎక్కువ. ఉన్నట్టుండి పూర్తి వేగం అందుకోవడం, అంతే గట్టిగా ఆగడం, మళ్లీ అందుకోవడం. ఆగేటప్పుడే తొడ వెనక కండరం మీద భారం పడుతుంది. కండరాల్లో ఖర్చయిన శక్తి నిల్వ తిరిగి నిండడానికి, పరుగులో పాత పదును రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. మ్యాచ్‌కూ మ్యాచ్‌కూ నడుమ నాలుగు రోజులో అంతకన్నా తక్కువో దొరికినప్పుడు, ఆరు రోజులు దొరికినప్పటికంటే కండరాల గాయాలు ఎక్కువగా కనబడ్డాయి. శనివారం, మంగళవారం, మళ్లీ శనివారం ఆడేవాడికి ఒక్కసారి కూడా నాలుగు రోజులు దాటి దొరకవు.

తిరుమల బ్రహ్మోత్సవాల్లో ఘాట్ బస్సులు నడిపే డ్రైవర్ల సంగతి మనకు తెలిసిందే. గరుడసేవ నాడు చెయ్యి తిరిగినవాళ్లంతా స్టీరింగ్ మీద ఉండాలంటే ఆ ముందురోజు రాత్రి వాళ్లను నిద్రపోనివ్వాలి. ఆ రాత్రి ట్రిప్పులు ఆపలేం కాబట్టి వేరేవాళ్లు నడపాలి. రొటేషన్ అంటే ఈపాటిదే, ఏ రోజు గరుడసేవో ముందే తేల్చుకోవడం. ఫుట్‌బాల్లో చిక్కు ఎక్కడంటే, ఏది గరుడసేవ అన్నదాంట్లో కోచ్‌కు, యజమానికి, అభిమానికి ఒక మాట కుదరదు.

కప్పు గెలిస్తే పేరు కదా. మరి కప్పుకే చిన్నోళ్లను ఎందుకు పంపుతారు?

డబ్బు. ప్రీమియర్ లీగ్ పట్టికలో ఒక్క మెట్టు పైకెక్కితే ఈమధ్య సీజన్లలో 25 లక్షల పౌండ్లకు పైనే వస్తోంది. ఎఫ్ఏ కప్పు ఫైనల్ గెలిచినవాళ్లకు ఇచ్చే బహుమతి 20 లక్షల పౌండ్ల దగ్గర ఉంటోంది. లీగ్ కప్పు గెలిస్తే లక్ష పౌండ్లు. అంటే పదమూడో స్థానం నుంచి పన్నెండుకు రావడం, ఖాతా పుస్తకంలో, కప్పు ఫైనల్ గెలవడం కన్నా బరువు. లీగ్ నుంచి కింది డివిజన్‌కు జారితే టీవీ డబ్బులు పోతాయి, మంచి ఆటగాళ్లు పోతారు, పేరు ఎటూ పోతుంది. అసలుకే ఎసరు.

ఇక్కడ మా అభిప్రాయం ఒకటి చెప్పాలి. ప్రెస్‌మీట్లో ఏ కోచ్ అయినా "మాకు ప్రతి పోటీ ముఖ్యమే" అంటాడు. ఆ మాట వినకండి. మ్యాచ్‌కు గంటకు పైగా ముందే లైనప్ (ఎవరు దిగుతారో, బెంచ్ మీద ఎవరుంటారో చెప్పే జాబితా) వస్తుంది, అది చదవండి. పెద్ద ఆటగాడు బెంచ్ మీద ఉంటే కోచ్‌కు గెలవాలనే ఉంది, అవసరమైతే అరగంట కోసం దింపుతాడు. అదే ఆటగాడి పేరు బెంచ్ మీద కూడా లేకపోతే, గాయం కబురూ లేకపోతే, ఆ కప్పును ఆ రాత్రికి వదిలేసినట్టే. 2025 ఫిబ్రవరి 9న లివర్‌పూల్ ప్లిమత్ ఊరికి ఎఫ్ఏ కప్పు ఆడటానికి వెళ్లినప్పుడు పెద్ద ఆటగాళ్లు సలా, వాన్ డైక్ బస్సే ఎక్కలేదు. ఎదుట ఉన్నది రెండో డివిజన్‌లో అట్టడుగున ఉన్న టీము. అయినా 1-0తో ఓడారు. రెండున్నర నెలల తర్వాత లీగ్ టైటిల్ గెలిచారు. ఆ లైనప్ చూసినప్పుడే వాళ్ల మనసు ఎక్కడుందో తెలిసిపోయింది.

కప్పు వెంట పడి లీగ్ పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారా?

విగాన్ అథ్లెటిక్. 2013 మే 11, శనివారం. ఎఫ్ఏ కప్పు ఫైనల్లో మాంచెస్టర్ సిటీ మీద ఆట ముగిసే వేళకు బెన్ వాట్సన్ తలతో కొట్టిన గోల్, 1-0. ఆ క్లబ్బు చరిత్రలోనే అంత పెద్ద రోజు లేదు. మూడు రోజులకు, మంగళవారం నాడు, ఆర్సెనల్ చేతిలో 4-1తో ఓడి ప్రీమియర్ లీగ్ నుంచి కిందికి జారింది. ఒకే సీజన్‌లో ఎఫ్ఏ కప్పు గెలిచి, డివిజన్ జారిన మొదటి క్లబ్బు అదే. అంతకు రెండేళ్ల ముందు బర్మింగ్‌హామ్ సిటీ లీగ్ కప్పు ఫైనల్లో ఆర్సెనల్‌ను 2-1తో కొట్టి, ఆ మే నెలలోనే జారిపోయింది.

కప్పు వల్లే జారారని తేల్చేయడం తొందరపాటు. 38 మ్యాచ్‌ల తప్పును ఆరు మ్యాచ్‌ల మీద వేయలేం. పైగా పన్నెండో స్థానంలో ముగిసిన సీజన్ ఎవరికి గుర్తుంటుంది? విగాన్‌లో ఆ శనివారాన్ని ఎవరూ మరిచిపోరు.

అసలు లీగ్‌నే వదిలేసి కప్పు పట్టుకున్నవాళ్లు?

టాటెన్‌హామ్, 2024-25. లీగ్‌లో 22 మ్యాచ్‌లు ఓడి 17వ స్థానంలో నిలిచారు. అంటే జారిపోయే మూడు స్థానాలకు సరిగ్గా పైన. కానీ ఆ ఏడాది అడుగునున్న మూడు క్లబ్బులు (సౌతాంప్టన్, లెస్టర్, ఇప్స్‌విచ్) ఎంత వెనకబడ్డాయంటే ఏప్రిల్ ముగిసేలోగా ముగ్గురి కథా ముగిసింది. టాటెన్‌హామ్‌కు జారిపోయే భయం తీరింది, పైకెక్కే ఆశ ముందే పోయింది. మిగిలింది యూరప్‌లో రెండో అంచె పోటీ అయిన యూరోపా లీగ్ ఒక్కటే. కోచ్ పోస్టెకోగ్లూ లీగ్ మ్యాచ్‌లలో ముఖ్యులను దాచుకుని యూరప్ రాత్రులకు దింపాడు. మే 21న బిల్బావోలో ఫైనల్, ఎదురుగా లీగ్‌లో 15వ స్థానంలో ముగిసిన మాంచెస్టర్ యునైటెడ్. బ్రెనన్ జాన్సన్ గోల్‌తో 1-0. 2008 తర్వాత వాళ్లకు అదే మొదటి ట్రోఫీ. ఆ ట్రోఫీతో ఛాంపియన్స్ లీగ్‌కు టికెట్టు కూడా దొరికింది, లీగ్ పట్టిక ద్వారా అయితే మొదటి అయిదు స్థానాల్లో ఉంటేగానీ రాని టికెట్టు.

మా లెక్కలో ఆయన చేసింది సబబే. క్లబ్బు లెక్క వేరేగా ఉంది, జూన్ 6న ఉద్యోగం నుంచి తీసేశారు. ఫైనల్ ఓడి ఉంటే రెంటికీ చెడ్డ రేవడి అని అందరం అనేవాళ్లమే, అదీ నిజం.

లీగ్ మ్యాచ్‌కే రెండో టీమును పంపితే ఏమవుతుంది?

జరిమానా పడొచ్చు. 2009 డిసెంబర్‌లో వుల్వ్స్ కోచ్ మిక్ మెకార్తీ మాంచెస్టర్ యునైటెడ్ మీద ఆడటానికి వెళ్తూ పదిమందిని మార్చేశాడు. ఎటూ ఓడతాం, ఆదివారం బర్న్‌లీతో ఉన్న మ్యాచ్ మన స్థాయిది, దానికి కాళ్లు దాచుకుందాం అన్నది లెక్క. 3-0తో ఓడారు. డబ్బులు పెట్టి అంతదూరం వెళ్లిన వుల్వ్స్ అభిమానులు స్టేడియంలోనే మా డబ్బు మాకివ్వమని అరిచారు. ఆదివారం బర్న్‌లీని 2-0తో గెలిచారు, సీజన్ ముగిసేసరికి లీగ్‌లో నిలిచారు. లీగ్ వాళ్లు 25 వేల పౌండ్ల జరిమానా వేసి, మళ్లీ చేస్తే కట్టాలన్నారు.

మరుసటి ఏడాది బ్లాక్‌పూల్ కోచ్ ఇయాన్ హాలోవే ఆస్టన్ విల్లా మీద పదిమందిని మార్చాడు. ఆ రెండో టీము బాగానే ఆడి 3-2తో ఓడింది. ఈసారి 25 వేలు కట్టాల్సిందే అన్నారు. ఆ సీజన్‌లో బ్లాక్‌పూల్ 39 పాయింట్లతో జారిపోయింది.

కప్పు మ్యాచ్‌లో పదిమందిని మారిస్తే ఇంత గొడవ ఉండదు. లీగ్‌లో అలా చేస్తే నష్టపోయేది మూడో క్లబ్బు కాబట్టే ఈ కోపం. యునైటెడ్‌కు సులువుగా మూడు పాయింట్లు ఇచ్చావంటే దాని వెనక పరుగెత్తేవాళ్లకు అన్యాయం చేసినట్టే కదా.

రెండు రోజుల్లో రెండు దేశాల్లో మ్యాచ్‌లు ఉంటే?

రెండు టీములు కట్టుకోవాలి. 2019 డిసెంబర్ 17న లివర్‌పూల్‌కు ఆస్టన్ విల్లాతో లీగ్ కప్పు క్వార్టర్ ఫైనల్. 18న ఖతార్‌లో క్లబ్ ప్రపంచకప్పు సెమీస్. కోచ్ క్లాప్ పెద్దవాళ్లను తీసుకుని ఖతార్ వెళ్లాడు. విల్లా మీదికి కుర్రాళ్ల కోచ్ నీల్ క్రిచ్లీ చేతిలో సగటున 19 ఏళ్ల వయసున్న టీమును పెట్టారు. 5-0తో ఓడారు. ఖతార్‌లో మాత్రం కప్పు గెలిచి వచ్చారు, ఆ సీజన్ లీగ్ కూడా గెలిచారు.

కుర్రాళ్లకు దీనివల్ల లాభమేనా?

లాభమే, అసలు చాలామందికి అదొక్కటే తలుపు. 1994 సెప్టెంబర్‌లో మాంచెస్టర్ యునైటెడ్ కోచ్ ఫెర్గూసన్ పోర్ట్ వేల్ అనే చిన్న క్లబ్బు మీదికి లీగ్ కప్పులో బెక్‌హామ్, స్కోల్స్, బట్, గ్యారీ నెవిల్‌లను దింపాడు. అప్పటికి వాళ్ల పేర్లు జనానికి తెలియవు. పెద్ద ఆటగాళ్లను చూద్దామని టికెట్లు కొన్నవాళ్లకు మండింది, ఆ ప్రాంతపు ఎంపీ పార్లమెంటులో కూడా మాట్లాడారు. స్కోల్స్ రెండు గోల్స్ కొట్టాడు, యునైటెడ్ 2-1తో గెలిచింది. టికెట్టు తిరిగిచ్చేయాలనుకున్నవాళ్లు ఆ టికెట్టును తర్వాత దాచుకునే ఉంటారు.

పదకొండు మందినీ ఒకేసారి మార్చేస్తే పోలా? సగం సగం ఎందుకు?

ఆట జతల మీద నడుస్తుంది. నడిమి డిఫెండర్లు ఇద్దరికీ ఒకరి అడుగు ఒకరికి చూడకుండానే తెలియాలి. ఫుల్‌బ్యాక్ (అంచున ఆడే డిఫెండర్) ముందుకు పరుగెడితే అతని ముందున్న వింగర్ (అంచున దాడి చేసేవాడు) లోపలికి జరగాలి. పదిమందిని మారిస్తే పదిమందీ మంచివాళ్లే అయినా ఈ లంకెలన్నీ తెగిపోతాయి. అందుకే తెలివైన కోచ్ నాలుగు నుంచి ఆరుగురిని మారుస్తాడు. ప్రతి వరసలో ఒక పాతవాడిని ఉంచుతాడు: వెనక ఒక డిఫెండర్, నడుమ ఒక మిడ్‌ఫీల్డర్.

ఎవరిని మార్చాలన్నది వాళ్లు చేసే పని బట్టి ఉంటుంది. వింగర్లకు, ఫుల్‌బ్యాకులకు పూర్తి వేగపు పరుగులు ఎక్కువ, వాళ్లను తరచుగా మారుస్తారు. నడిమి డిఫెండర్లను తక్కువ. ట్రైనింగ్‌లో ఆటగాళ్లు బనియన్ లాంటిది ఒకటి వేసుకుంటారు చూడండి, అందులో రెండు భుజాల నడుమ చిన్న జీపీఎస్ యంత్రం ఉంటుంది. ఎవరు ఎంత వేగంతో ఎన్నిసార్లు పరుగెత్తారో అది లెక్క కడుతుంది. మామూలు కన్నా లెక్క తగ్గిందంటే ఫిజియో కోచ్ చెవిన వేస్తాడు.

టీవీలో కనిపించని సంగతి ఇంకొకటుంది. మ్యాచ్ మర్నాడు ఆడినవాళ్లు సైకిల్ తొక్కి, నీళ్లలో కాళ్లు పెట్టుకుని ఇంటికి పోతారు. బెంచ్ మీద కూర్చున్నవాళ్లకే కష్టం, వాళ్లతో గట్టిగా పరుగులు తీయిస్తారు. లేకపోతే నెల తర్వాత అకస్మాత్తుగా ఆడమన్నప్పుడు గాయపడేది వాళ్లే.

2022-23 నుంచి ప్రీమియర్ లీగ్‌లో మూడుకు బదులు అయిదుగురు సబ్‌లను (మధ్యలో దిగే మార్పు ఆటగాళ్లను) దింపొచ్చు. దీంతో రొటేషన్ సగం మ్యాచ్ లోపలికే వచ్చేసింది. అరవయ్యో నిమిషంలో ముగ్గురిని మార్చేస్తే ముగ్గురికీ అరగంట మిగిలినట్టే. లోతైన బెంచ్ ఉన్న పెద్ద క్లబ్బులకే దీనివల్ల లాభం అని చిన్నవాళ్లు మొదట్లో గోల పెట్టారు. ఆ మాటలో నిజం లేకపోలేదు.

కీపర్ పరుగెత్తడు కదా, అతన్నెందుకు మార్చడం?

అలసటకు మార్చరు. రెండో కీపర్ ఏడాదంతా ఊరికే కూర్చుంటే క్లబ్బు వదిలిపోతాడు. అందుకని "కప్పులు నీవి" అని ముందే ఒప్పందం చేసుకుంటారు. 2022 లీగ్ కప్పు ఫైనల్లో లివర్‌పూల్ మొదటి కీపర్ ఎలిసన్ ఉండగానే క్లాప్ రెండో కీపర్ కెలెహర్‌ను ఆడించాడు. పెనాల్టీలు 10-10 దాకా వచ్చాక కెలెహరే వెళ్లి పదకొండోది కొట్టాడు. అటు చెల్సీ పెనాల్టీల కోసమే చివర్లో దింపిన కేపా బంతిని గోల్ పైనుంచి తన్నేశాడు. అదే ఏప్రిల్‌లో ఎఫ్ఏ కప్పు సెమీస్‌లో మాంచెస్టర్ సిటీ రెండో కీపర్ స్టెఫెన్ బంతిని కాళ్ల దగ్గర పెట్టుకుని ఆలస్యం చేసి గోల్ ఇచ్చేశాడు, సిటీ 3-2తో ఓడింది. ఇచ్చిన మాట నిలుపుకోవడానికి ఒక్కోసారి ఇంత ఖర్చవుతుంది.

ఎంతమందినైనా పెట్టుకోవచ్చా?

లేదు. ప్రీమియర్ లీగ్‌లో సీనియర్ల జాబితా 25 మంది. అందులో ఇంగ్లండు, వేల్స్ క్లబ్బుల్లో కుర్రతనంలో తయారు కానివాళ్లు 17 మందికి మించకూడదు. 21 ఏళ్ల లోపు వాళ్లకు లెక్క లేదు. కప్పుల్లో కుర్రాళ్లు కనబడటానికి ఇదీ ఒక కారణం.

ఎవరినీ మార్చకుండా గెలిచినోళ్లు లేరా?

లెస్టర్, 2015-16. దాదాపు ఒకే పదకొండుమందితో లీగ్ గెలిచేశారు. తమాషా ఏమిటంటే, కోచ్ క్లాడియో రానియెరీ చెల్సీలో ఉన్నప్పుడు ఊరికే టీమును కెలుకుతాడని పత్రికలు ఎగతాళి చేశాయి. లెస్టర్‌కు యూరప్ మ్యాచ్‌లు లేవు, రెండు కప్పుల నుంచీ తొందరగానే బయటపడింది. వారానికి ఒకటే మ్యాచ్ అయినప్పుడు మార్చాల్సిన పనేముంది? మరుసటి ఏడాది చెల్సీ కూడా యూరప్ లేని సీజన్‌లోనే లీగ్ గెలిచింది.

మన దేశంలో ఇట్లాంటివి ఉన్నాయా?

ఉన్నాయి, ఇంకా బాహాటంగా. 1888లో మొదలైన డ్యూరాండ్ కప్పు ఆసియాలోకెల్లా పాతది. అది మన పెద్ద లీగ్ అయిన ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) సీజన్‌కు ముందు వస్తుంది కాబట్టి కొన్ని క్లబ్బులు రిజర్వు కుర్రాళ్లనే పంపుతాయి. 2025లో మోహన్ బగాన్ ఐఎస్ఎల్‌లో షీల్డూ (పట్టికలో మొదటి స్థానానికి ఇచ్చేది) కప్పూ (ఆ తర్వాతి నాకౌట్లు గెలిస్తే ఇచ్చేది) రెండూ గెలిచి, వెంటనే భువనేశ్వర్‌లో జరిగిన సూపర్ కప్పుకు ఎక్కువగా కుర్రాళ్లతో వెళ్లింది. సెమీస్‌లో గోవా చేతిలో ఓడింది. ఆ గోవానే కప్పు కొట్టి ఆసియా పోటీకి దారి వేసుకుంది. బగాన్ కడుపు అప్పటికే నిండింది, గోవాకు ఆకలుంది.

తెలుగువాళ్లం కాబట్టి ఒక మాట: సయ్యద్ అబ్దుల్ రహీం తయారు చేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ టీము 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ప్రపంచకప్పులోనే సబ్‌లను 1970లో గానీ అనుమతించలేదు. ఆ రోజుల్లో దిగినవాడు చివరిదాకా నిలవాల్సిందే.

ఫాంటసీ ఆడుతున్నా. మావాడు ఆడతాడో లేదో ఎట్లా తెలుస్తుంది?

పూర్తిగా తెలియదు, గేమ్‌వీక్ (ఒక విడత లీగ్ మ్యాచ్‌లు) మొదటి మ్యాచ్‌కు గంటన్నర ముందే మీ టీముకు తాళం పడుతుంది. అంతకుముందు క్యాలెండర్ చూడండి. మంగళ, బుధవారాల్లో యూరప్ నాకౌట్ ఉంటే ఆ ముందు శనివారం వింగర్‌ను కెప్టెన్‌గా పెట్టకండి. ఎప్పుడు ఎవరిని మారుస్తాడో తెలియని కోచ్ పెప్ గార్డియోలా నడిపే టీము వింగర్లయితే క్యాలెండర్ చూసినా లాభం లేదు.

మాకు 14 మందే ఉండారు. సంక్రాంతి నాకౌట్లో ఒకే రోజు రెండు మ్యాచ్‌లు. ఏం చేయాల?

ముందు నిర్వాహకులను అడగండి, బయటికి వచ్చినవాడు మళ్లీ దిగొచ్చా అని. చాలా ఊరి టోర్నమెంట్లలో ఒప్పుకుంటారు. ఒప్పుకుంటే మీకు 14 మంది చాలు. రెండు వింగుల్లో వాళ్లను అర్ధభాగానికి ఒకసారి మార్చండి, నడిమి డిఫెండర్లు ఇద్దరినీ కదపకండి. పొద్దున మ్యాచ్‌లో రెండు గోల్స్ ఆధిక్యం వచ్చిన వెంటనే మీ మంచి స్ట్రైకర్‌ను బయటికి పిలిచేయండి. వాడు అలుగుతాడు, అలగనీయండి.

చిత్తూరు మెసానికల్ గ్రౌండులో ఒకే జత స్టడ్స్ (ఫుట్‌బాల్ బూట్లు) ఇద్దరు పంచుకునే టీములను చూశాం. సబ్ అంటే బయటికి వచ్చేవాడు గీత దగ్గర కూర్చుని లేసులు విప్పాలి, లోపలికి పోయేవాడు కట్టుకోవాలి. ఈలోపు పదిమందితో ఆట సాగుతుంటుంది. అట్లాంటి ఇద్దరిని విరామంలోనే మార్చుకోండి. రెండు మ్యాచ్‌ల నడుమ అరటిపండు, ఉప్పు వేసిన మజ్జిగ చాలు. బిరియాని రెండో మ్యాచ్ అయ్యాక.

కప్పు మ్యాచ్‌లు మనకు ఎన్ని గంటలకు వస్తాయి?

ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లు చలికాలంలో ఎక్కువగా రాత్రి 1:30కి, అక్కడ వేసవి గడియారం మారాక 12:30కి. ఇంగ్లండు కప్పుల వారం మధ్య మ్యాచ్‌లు కూడా ఇంచుమించు అంతే. శనివారం మధ్యాహ్నం మూడు గంటల లీగ్ మ్యాచ్ మనకు రాత్రి 8:30కో 7:30కో పడుతుంది. వారం మధ్యలో అయితే లైనప్ వచ్చేదాకా మెలకువగా ఉండి, అది చూశాక నిద్రపోవాలో వద్దో తేల్చుకోవచ్చు.